కెంటకీ బర్బన్ యాత్ర: ఏ బట్టీ చూడాలి, ఎక్కడ బస చేయాలి

బర్బన్ విస్కీ కోసం అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి వెళ్లేవారు తమ బసను రెండు ఊళ్ల మధ్య పంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. తయారీని చూడటానికి బార్డ్స్‌టౌన్‌లో, కాక్‌టెయిళ్లను తీరిగ్గా ఆస్వాదించడానికి లూయివిల్‌లో ఉండటం మంచిది. చాలామంది లూయివిల్‌లోనే దిగి, రోజుకు నాలుగైదు డిస్టిలరీలు చుట్టి రావాలనుకుంటారు. అలా చేస్తే సగం పొద్దు రోడ్డు మీదే గడిచిపోతుంది, మూడో చోటికి చేరేసరికి నాలుకకు రుచుల తేడా తెలియడం మానేస్తుంది. ఒకే దిక్కున ఉన్న రెండు డిస్టిలరీలు ఒక రోజుకు చాలు. ఒహాయో, ఇండియానాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది వారాంతపు ప్రయాణమే. సిన్సినాటి నుంచి లూయివిల్‌కు కారులో రెండు గంటలు కూడా పట్టదు.

వెళ్లే ముందు బర్బన్‌కు అమెరికా చట్టం విధించిన నిబంధనలు తెలుసుకుంటే చూసేది బాగా అర్థమవుతుంది. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీ నుంచి దిగే సారం 80 శాతం ఆల్కహాల్‌ను మించకూడదు, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతాన్ని దాటకూడదు, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. ఆ పీపా ఓక్ చెక్కతో చేసిన కొత్తదై, లోపలి గోడలు బొగ్గు పట్టేలా కాల్చినదై ఉండాలి. రంగు గానీ, రుచినిచ్చే మరే పదార్థం గానీ కలపకూడదు. మన దేశంలో అమ్ముడయ్యే విస్కీలో అధిక భాగం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌తో తయారవుతుంది కనుక, గ్లాసులో కనిపించే ఆ ఎర్రని రంగు మొత్తం చెక్క నుంచే వచ్చిందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి కొత్తగా తోస్తుంది. ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు కాబట్టి అవి స్కాట్లండ్‌కూ ఇతర దేశాలకూ వెళ్తాయి. బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ విస్కీ కూడా అలాంటి బర్బన్ పీపాలలో పరిపక్వమవుతుంది.

తయారీని దగ్గర నుంచి చూపించడంలో వర్సేల్స్ పట్టణ సమీపంలోని వుడ్‌ఫర్డ్ రిజర్వ్‌కు నేను మొదటి స్థానం ఇస్తాను. వాగు పక్కన 19వ శతాబ్దపు సున్నపురాతి కట్టడాలు, గుర్రాల పెంపకం సాగే పచ్చిక మైదానాల మధ్య నుంచి వెళ్లే సన్నని దారి, ఇవన్నీ మనసుకు హాయినిస్తాయి. కానీ అసలు విషయం లోపల ఉంది. సైప్రస్ చెక్కతో కట్టిన పెద్ద తొట్లలో మొక్కజొన్న, రై అనే ధాన్యం, మొలకెత్తించిన బార్లీ కలిసిన జావ పులుస్తూ ఉంటుంది. తొట్టి అంచున నిలబడితే పైన పసుపుపచ్చని నురగ దానంతట అదే మెల్లగా తిరగడం, బుడగలు పగలడం కనిపిస్తాయి. కుండలో బాగా పులిసిన తరవాణి లాంటి వాసన ముక్కుకు తగులుతుంది. కిందటి విడత బట్టీ పట్టగా మిగిలిన పుల్లని ద్రవంలో కొంత తెచ్చి కొత్త జావలో కలపడం వల్ల ఆమ్లత్వం ఈస్ట్‌కు అనుకూలంగా కుదురుతుంది, అక్కరలేని సూక్ష్మజీవులు పెరగవు. సవర్ మాష్ అనే ఈ పద్ధతిని శాస్త్రీయంగా స్థిరపరిచిన జేమ్స్ క్రో ఈ స్థలంలోనే పనిచేశాడు. తర్వాతి గదిలో కుండ ఆకారపు రాగి బట్టీలున్నాయి. కెంటకీలో అత్యధిక డిస్టిలరీలు ఎత్తైన స్తంభాల్లాంటి బట్టీలను వాడతాయి కనుక ఈ దృశ్యం అరుదైనది. నింపిన పీపాలు పట్టాల మీద వాలుకు దొర్లుతూ గిడ్డంగికి చేరే దృశ్యాన్ని చూడగలిగితే టికెట్టు సొమ్ము అక్కడికే చెల్లిపోయినట్టు.

లొరెట్టోలోని మేకర్స్ మార్క్ ఆనందం వేరు. రై బదులు గోధుమ వాడటం వల్ల ఈ బర్బన్‌లో కారం తక్కువ, మెత్తదనం ఎక్కువ. విస్కీ అలవాటు లేని వారిని మొదట ఇక్కడికి తీసుకువెళ్లడమే నయం. సీసా మెడను కరిగిన ఎర్ర మైనంలో మీ చేతితో మీరే ముంచుకునే అవకాశం ఇస్తారు. దీన్ని పర్యాటకుల సరదా అని కొట్టిపారేయనక్కరలేదు, ఎందుకంటే సంస్థ కార్మికులు కూడా ఒక్కో సీసాను చేత్తోనే ముంచుతారు. కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బఫలో ట్రేస్ సందర్శనకు చాలా ఏళ్లుగా రుసుము తీసుకోవడం లేదు, అందువల్ల ముందుగా చోటు దొరకడమే కష్టం. అక్కడి పాత ఇటుక గిడ్డంగులలోకి అడుగుపెట్టగానే వచ్చే తీయని చెక్క వాసన ఏళ్ల తరబడి పీపాల నుంచి ఆవిరవుతున్న విస్కీది. వేసవి వేడికి విస్కీ చెక్కలోకి ఇంకుతుంది, చలికి బయటకు వస్తుంది. పై అంతస్తుల్లో ఈ రాకపోకలు జోరుగా సాగుతాయి, కింద నెమ్మదిగా సాగుతాయి. గిడ్డంగుల గోడల మీద, చుట్టుపక్కల చెట్ల మీద కనిపించే నల్లని పూత ఆ ఆవిరిని తిని పెరిగే బూజు.

అన్ని చోట్లా ఇంత తృప్తి కలగలేదు. పేరున్న మరొక డిస్టిలరీలో మాకు వీడియో, అద్దాల గది, బహుమతుల దుకాణం తప్ప పులిసే తొట్టి ఒక్కటీ చూపించలేదు. రుసుము మాత్రం తక్కువేమీ కాదు. టికెట్టు కొనే ముందు పులియబెట్టే చోటు, గిడ్డంగి రెండూ చూపిస్తారా అని అడిగి తీరాలి. జులై, ఆగస్టు నెలల్లో చాలా బట్టీలు మరమ్మతుల కోసం పని ఆపుతాయి కనుక ఏప్రిల్ గానీ అక్టోబరు గానీ మేలు. రుచి చూసే గ్లాసులు చిన్నవే అయినా వరుసగా తాగితే లెక్క పెరుగుతుంది, ఇక్కడ డ్రైవరు రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే నేరం. అందుకే మేము వ్యాను మాట్లాడుకున్నాము. ఖర్చు ఎక్కువే, ఒక ఉదయం వ్యాను బాగా ఆలస్యంగా వచ్చింది కూడా. అయినా అందరూ నిశ్చింతగా రుచి చూడగలిగారు కాబట్టి మళ్లీ వెళ్లినా వ్యానునే ఎంచుకుంటాను.

బార్డ్స్‌టౌన్ నడిచి తిరగగల చిన్న ఊరు. పాత ఇళ్లను బసగా మార్చినవి ఊరూరా ఒకే పేరుతో ఉండే హోటళ్ల కంటే బాగున్నాయి. మా ఆతిథేయురాలు ఏ దారిన వెళ్తే ఏది ముందు వస్తుందో కాగితం మీద గీసి ఇచ్చింది. శాకాహారులకు మాత్రం రాత్రి భోజనం ఇబ్బందే, వెంట ఏదైనా ఉంచుకోవాలి.

లూయివిల్‌లో మెయిన్ స్ట్రీట్‌కు నడక దూరంలో గది తీసుకుంటే సాయంత్రాలు కారు అవసరం ఉండదు. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్‌ను తమ సొంతంగా భావించే నగరం ఇది. స్పిరిట్, చక్కెర, నీరు, బిటర్స్ (మూలికలతో చేసిన చేదు సారం) కలిసినదే కాక్‌టెయిల్ అని 1806లో అచ్చయిన నిర్వచనానికి ఈ పానీయం ఇప్పటికీ కట్టుబడి ఉంది. మంచి బార్‌టెండర్ చక్కెర దిమ్మ మీద బిటర్స్ చుక్కలు వేసి నలిపి, దాదాపు 60 మిల్లీలీటర్ల బర్బన్ పోసి, ఒకే ఒక పెద్ద మంచు ముక్కతో ఓపికగా కలుపుతాడు. చివర నారింజ తొక్కను గ్లాసు మీద వంచి పిండితే సన్నని నూనె తుంపర పైన పడుతుంది. చిన్న మంచు ముక్కలు, సోడా వేసే బారులో దీన్ని అడగకపోవడమే మంచిది. రై విస్కీ, తీపి వెర్ముత్ (మూలికలు కలిపిన వైన్) కలిపే మన్‌హాటన్ కాక్‌టెయిల్‌కు మరికొంత ఘాటు కావాలి. పుదీనాతో చేసే మింట్ జులెప్‌లో ఆకులను నలగ్గొడితే చేదు దిగుతుంది, మెల్లగా అదిమితే చాలు. మే మొదటి శనివారం కెంటకీ డెర్బీ గుర్రప్పందాలప్పుడు జులెప్ ఊరంతా పారుతుంది గానీ, ఆ వారం గదుల ధరలు మామూలు యాత్రికులకు అందవు.

ఇంటికి తెచ్చుకోవడానికి ఒకే సీసా కొనదలచుకుంటే బాటిల్డ్ ఇన్ బాండ్ అని రాసి ఉన్నది తీసుకోండి. 1897 నాటి చట్టం ప్రకారం అది ఒకే డిస్టిలరీలో, ఒకే రుతువులో తీసినదై, కనీసం 4 సంవత్సరాలు పీపాలో ఉండి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో సీసాకెక్కాలి. మంచు కరిగినా దాని రుచి పలచబడదు, కాక్‌టెయిళ్లకు ఇంతకంటే నమ్మకమైనది లేదు. ఇండియాకు తెచ్చేవారికి పెద్దవారు ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకు సుంకం ఉండదు. సీసాను దుస్తుల మధ్య చుట్టి, చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టాలి.