ఓటరు జాబితా పనా, సోమవారం అర్జీనా?

2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. విజయనగరంలో జుమా నమాజు తర్వాత గెలుపోటముల విశ్లేషణకు మాత్రం కొదవ లేదు. చేయదగిన పనులు రెండున్నాయి: ఓటరు జాబితాలో మనవాళ్ల పేర్లు చేర్పించి సరిచేయించడం, సోమవారం కలెక్టరేట్‌లో వీధి సమస్యలపై అర్జీ ఇవ్వడం.

ఖర్చు: రెండింటికీ రుసుము లేదు.

శ్రమ: అర్జీకి కలెక్టరేట్‌లో ఒక పూట నిరీక్షణ. జాబితాకైతే ఇల్లిల్లూ తిరగాలి. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకూ తప్పుల సవరణకూ ఫారం 8. అసలు చిక్కు మన పేర్లతోనే: ఆధార్‌లో ‘షేక్’ ముందుంటుంది, రేషన్ కార్డులో వెనకుంటుంది, జాబితాలో అసలుండదు. పెళ్లయి వచ్చిన కోడళ్ల ఓటు పుట్టింట్లోనే ఉండిపోతుంది.

ఇబ్బంది: జాబితా పనికి పార్టీ కార్యకర్త వెంట వచ్చాడా, మీకూ రంగు అంటినట్టే. అర్జీకి రసీదు తీసుకోకపోతే అది ఏ బల్ల మీద ఆగిందో తెలియదు. ఆగితే సమాచార హక్కు దరఖాస్తు ఉంది: 10 రూపాయలు, 30 రోజుల గడువు.

ఖబరస్తాన్ ప్రహరీ కూలినా, వీధి కాలువ పొంగినా అర్జీయే దారి. అద్దె ఇళ్లు, కాలేజీ పిల్లలు ఎక్కువున్న వీధికి జాబితా పని. చేతిలో నలుగురే ఉంటే నేను జాబితాకే పంపిస్తాను. 17 నిండినవారూ ముందుగా దరఖాస్తు చేసుకోవచ్చు.