హైదరాబాద్ బాచుపల్లి వైపు గేటెడ్ కమ్యూనిటీలో త్రీ బీహెచ్‌కే: ఇంట్లో ఎవరికి నచ్చింది, ఎవరికి లేదు

ముందే చెప్పేస్తున్నా, రేపు ఎంతకి అమ్ముడుపోతుందనే లెక్క ఇందులో ఉండదు. అమ్మానాన్నల్నీ పిల్లల్నీ పెట్టుకుని ఒకే ఫ్లాట్‌లో ఉందామనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. బిల్డర్ పేరు చెప్పను, ఈ చుట్టుపక్కల ఏ గేటు లోపలికెళ్లినా దాదాపు ఇదే ప్లాను. మేం ఆరుగురం: డెబ్బై దాటిన అమ్మానాన్న, మేమిద్దరం, ఇంటర్ చదివే అమ్మాయి, రెండో తరగతి బాబు.

వాడికైతే నూటికి నూరు మార్కులు. సాయంత్రం కిందకి దిగితే అన్నానికి పిలిచేదాకా పైకి రాడు, బండ్లన్నీ సెల్లార్లోకే వెళ్తాయి కాబట్టి మాకూ టెన్షన్ లేదు.

అమ్మాయికి స్విమ్మింగ్ పూల్ అక్కర్లేదు, వేసుకోడానికి ఒక తలుపు కావాలి. ఇచ్చిన మూడో బెడ్రూం పదికి పది. మంచం, బీరువా పెట్టాక చదువుకునే బల్లకి చోటు లేదు, ఉన్న ఒక్క ప్లగ్ పాయింటూ మంచం వెనక్కి పోయింది. 1,650 చదరపు అడుగులని అమ్మారు కదా అని టేపు పెట్టి కొలిస్తే కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే చోటు, 1,150 చిల్లర. ఇళ్లు కొనేవాళ్ల కోసం తెచ్చిన 2016 రేరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి, అగ్రిమెంట్‌లో ఉంటుంది కూడా, సేల్స్ వాళ్ల నోట మాత్రం సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, లిఫ్టు లాంటి వాటిలో వాటా కూడా కలిపిన లెక్క) తప్ప ఇంకో మాట రాదు. మెయింటెనెన్సూ దాని మీదే, అడుక్కి మూడున్నర చొప్పున నెలకి 5,775. వేసవిలో ట్యాంకర్ల డబ్బులు వేరే.

నాన్నకి కిందంతా నచ్చింది. ర్యాంపు ఉంది, నడవడానికి దారి ఉంది, బీహెచ్‌ఈఎల్‌లో రిటైరైన ఇద్దరు ముగ్గురు దొరికారు, ఇక కబుర్లే కబుర్లు. ఇబ్బందంతా ఇంట్లోని బాత్రూంతోనే. గడప రెండంగుళాల ఎత్తు, నున్నటి టైల్స్, కమోడ్ పక్కన పట్టుకోడానికి ఏమీ లేదు. పైగా తలుపు లోపలికి తెరుచుకుంటుంది. పెద్దవాళ్లెవరైనా లోపల జారి తలుపుకి అడ్డంగా పడితే బయటినుంచి తొయ్యడం కుదరదు, ఆ సంగతి ప్లాన్ గీసినవాళ్లకి తట్టలేదో ఏమో. స్టీల్ రాడ్లు మేమే వేయించుకున్నాం, తలుపు విప్పించి బయటికి తెరుచుకునేలా మార్పించాం. ఆ బాత్రూం గోడకే చెమ్మ వస్తే బిల్డర్ మనిషి రేపు, ఎల్లుండి అని తిప్పాడు. హ్యాండోవర్ అయిన అయిదేళ్లలోపు ఇలాంటి లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా బాగుచెయ్యాలని రేరా చట్టం సెక్షన్ 14(3)లో ఉంది, అది రాసి మెయిల్ పెట్టాక వచ్చారు.

మా ఇద్దరి సంగతి పెద్దగా లేదు. మియాపూర్ మెట్రో నడిచెళ్లేంత దగ్గర కాదు, పొద్దున్న ట్రాఫిక్ ఉంటుంది, కరెంటు పోయినా లిఫ్టు ఆగదు. అసలు బ్రోచర్లో ఉన్నవన్నీ, క్లబ్‌హౌసూ జిమ్మూ సహా, డబ్బు కట్టే మా వయసు వాళ్లని చూసి పెట్టినవే, మేమేమో ఇంట్లో మెలకువగా ఉండేదే నాలుగైదు గంటలు.

పగలంతా ఇంట్లో ఉండేది అమ్మ. ఆవిడకి కావాల్సింది కాస్త ఎండ. మా బాల్కనీ ఉత్తరం వైపు, చలికాలంలో తులసి కుండీ మీద కూడా ఎండ పడదు. బాల్కనీలో బట్టలు బయటికి కనబడేలా ఆరేస్తే అసోసియేషన్ నుంచి మెసేజ్ వస్తుంది. యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పెట్టాక అంట్ల సింకు దగ్గర మనిషి పక్కకి తిరిగి నిలబడాలి. వడియాలు పెట్టుకుందామంటే డాబాకి తాళం, పిల్లలు ఎక్కుతారట. మా బ్లాకులో పెద్దావిడలు నలుగురు కలిసి ఆదివారం పొద్దున్నయినా తెరవమని మొన్న మీటింగులో అడిగారు. వచ్చే నెల అజెండాలో పెడతామన్నారు.