ఇనుము కోసే పళ్ళ బ్లేడు: మూడేళ్ళు వాడాక

పళ్ళ బ్లేడును, అంటే అంచున కార్బైడు పళ్ళు అతికించిన గుండ్రటి రంపపు బ్లేడును, చంపేది ఇనుము గట్టిదనం కాదు, ముక్క కదలడం. బల్ల మీద బిగించే 305 మి.మీ. చాప్ సా ఒకటి, చేత్తో నడిపే 185 మి.మీ. రంపం ఒకటి మూడేళ్ళుగా గేట్లకూ కిటికీ గ్రిల్లులకూ రొయ్యల చెరువు షెడ్లకూ వాడితే తేలింది ఇదే. విరిగిన పళ్ళలో ఎక్కువ, ముక్కను పట్టి ఉంచే వైసు సరిగా బిగించని రోజున విరిగినవే.

ముందు వేగం సంగతి. వెల్డింగు షాపుల్లో ఉండే 14 అంగుళాల కటాఫ్ మిషను నిమిషానికి దాదాపు 3800 చుట్లు తిరుగుతుంది. అంచు వేగం లెక్కేస్తే సెకనుకు 70 మీటర్లు. అందులో తిరిగే రాపిడి చక్రం, అంటే కటింగు వీలు, ఇనుమును కోయదు, అరగదీసి కాలుస్తుంది. మకితా ఎల్‌సీ1230 లాంటి పళ్ళ మిషను 1300 చుట్లే తిరుగుతుంది, అంచు వేగం సెకనుకు 21 మీటర్లు. ఒక్కో పన్ను ఒక్కో తునకను చెక్కుకుంటూ పోతుంది, వేడిలో చాలా భాగం ఆ తునకతోనే బయటికి పోతుంది. కోసిన కాసేపటికే ముక్కను చేత్తో పట్టుకోవచ్చు, అంచున లేచే ముల్లు కూడా తక్కువే.

కాబట్టి బ్లేడు కొనేటప్పుడు ధర కంటే ముందు దాని మీద అచ్చేసిన గరిష్ఠ చుట్లు చూడాలి. అది మిషను చుట్ల కంటే ఎక్కువ ఉండాలి. పళ్ళ బ్లేడు రంధ్రం 25.4 మి.మీ., కటాఫ్ మిషను ఇరుసు కూడా 25.4 మి.మీ. అయితే బ్లేడు హాయిగా ఎక్కి కూర్చుంటుంది. ఎక్కింది కదా అని స్విచ్ వేస్తే పళ్ళు ఊడి తూటాల్లా వస్తాయి. చెక్క కోసే 7 అంగుళాల రంపం 5000 చుట్లు దాటుతుంది. ఇనుము కోసే మకితా 4131 దాదాపు అదే సైజు, చుట్లు మాత్రం 3500. చెక్క రంపానికి ఇనుము బ్లేడు వేస్తే వేగం ఎక్కువవడం ఒక్కటే కాదు, వేడి తునకలు గాలి రంధ్రాల గుండా మోటారులోకి పోయి లోపలి తీగచుట్టను (వైండింగును) తినేస్తాయి. ఇక నాలుగంగుళాల గ్రైండరు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి పళ్ళ బ్లేడు బిగించి గార్డు తీసేసి కోసేవాళ్ళు ఊరికొకరు ఉన్నారు. వాళ్ళ గురించి ఇక్కడ రాసి ప్రయోజనం లేదు.

పళ్ళ లెక్క చాలామంది పట్టించుకోరు. 305 మి.మీ. బ్లేడుకు 60 పళ్ళుంటే పన్నుకూ పన్నుకూ మధ్య 16 మి.మీ., 80 ఉంటే 12 మి.మీ. వస్తుంది. యాంగ్లరు (ఎల్ ఆకారపు ఇనుప బద్ద), ఛానలు 5, 6 మి.మీ. మందం ఉంటే 60 పళ్ళు చాలు. మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి తునక ఇరుక్కోదు. 16 గేజి, అంటే 1.6 మి.మీ. స్క్వేర్ పైపుకు 80 కావాలి. పల్చటి గోడకు 60 పళ్ళది పెడితే ఒక పన్ను వదిలాక రెండోది వచ్చేదాకా గోడకు ఆధారం ఉండదు. వచ్చిన పన్ను దాన్ని కోయడం మాని కొడుతుంది. టకటకమని వినిపించేది ఆ చప్పుడే.

స్క్వేర్ పైపును చదునుగా పెట్టి కోస్తే పై గోడ వెడల్పంతా ఒక్కసారే పళ్ళ కింద పడుతుంది. అది తెగగానే బరువు తగ్గి చేయి జారినట్టు కిందికి పోతుంది, అడుగు గోడ దగ్గర మళ్ళీ గుద్దుకుంటుంది. మూల పైకి వచ్చేలా గాలిపటంలా నిలబెడితే బరువు మొదటి నుంచి చివరి దాకా నిదానంగా పెరిగి నిదానంగా తగ్గుతుంది. దీనికి వైసు రెండు దవడలకూ వీ ఆకారంలో కోసిన గట్టి చెక్క దిమ్మలు కావాలి. యాంగ్లరును బోర్లించి, మూల పైకి ఉండేలా పెట్టాలి. 20 అడుగుల బారు అయితే రెండో కొసకు అదే ఎత్తులో స్టాండు తప్పదు. కొస కిందికి వాలితే కోత మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది.

బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే ఇనుముకు ఆనించాలి. మొదటి 2, 3 మి.మీ. నిమ్మళంగా దించి, పళ్ళు లోపలికి దిగాక స్థిరంగా నొక్కాలి. మరీ భయపడి తేలిగ్గా ఆనించినా తప్పే. అప్పుడు పన్ను చెక్కదు, ఒరుసుకుంటుంది, వేడెక్కి మొండిపడుతుంది. కొత్త బ్లేడుకు మొదటి పది కోతలు సగం ఒత్తిడితో కోయాలి. తెగాక స్విచ్ వదిలి, బ్లేడు ఆగిన తర్వాతే ముక్క తీయాలి. నీళ్ళు పోయకూడదు. వేడి మీదున్న కార్బైడు పన్ను మీద చల్లటి నీళ్ళు పడితే చీలుతుంది.

మన దగ్గర దీనికి ఇంకో పెద్ద శత్రువు కరెంటు. 1750 వాట్ల మిషను 230 వోల్టుల మీద ఏడున్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది, స్టార్టింగులో ఇంకా ఎక్కువ. 16 ఆంపియర్ల సాకెట్టు, ఎలక్ట్రీషియన్లు రెండున్నర అనే (2.5 చదరపు మి.మీ.) రాగి వైరు ఉండాలి. పొలాల బోర్లన్నీ ఒకేసారి నడిచే వేళ వోల్టేజీ పడిపోతే చుట్లు తగ్గుతాయి. చేయి మాత్రం అదే ఒత్తిడితో నొక్కుతుంది కాబట్టి ఒక్కో పన్నుకు తగిలే తునక లావవుతుంది, పన్ను కొస పెచ్చులూడుతుంది. మోటారు గొంతు మారిందంటే ఒత్తిడి తగ్గించాలి, లేదంటే పని సాయంత్రానికి వాయిదా వేసుకోవాలి.

అన్ని ఇనుములూ ఒకటి కాదు. టీఎంటీ కమ్మీని తయారీలో నీళ్ళతో చల్లార్చి పై పొరను గట్టిపరుస్తారు. లోపల మెత్తన, బయట గట్టి. పైగా గుండ్రం కాబట్టి వైసులో దొర్లుతుంది. అలాంటివి కటింగు వీలుకే వదిలేయడం మేలు. పాత వెల్డింగు ముద్ద మీదుగా కోయకూడదు, రెండంగుళాలు పక్కకు జరగాలి. తుక్కు కరిగించి సాగదీసిన చౌక యాంగ్లర్లలో అక్కడక్కడా గట్టి మచ్చలు తగులుతాయి. కోత మధ్యలో ఉన్నట్టుండి నిప్పురవ్వలు లేస్తే అదే. స్టీలు రెయిలింగు పైపుకు స్టెయిన్‌లెస్ కోసమే చేసిన బ్లేడు వేరే కొనాలి. మామూలు బ్లేడు దాని మీద రెండుసార్లు జారితే చాలు, ఆ చోటు గట్టిపడి ఇక తెగదు.

కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి ఈ బ్లేడు చేసే మేలు వేరు. జింకు పూత ఉన్న జీఐ పైపును వీలుతో కోస్తే అంచు చుట్టూ జింకు కాలిపోయి, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి జ్వరం కూడా. పళ్ళ బ్లేడుతో జింకు చివరి దాకా నిలుస్తుంది, కోసిన ముఖానికి మాత్రం అదే రోజు జింకు పెయింటు వేయాలి. రంగు రేకుల మీద వీలు నిప్పురవ్వలు అంటుకున్న చోటల్లా వానాకాలానికి గోధుమ చుక్కలు లేస్తాయి. ఇక మే నెలలో గడ్డివాము పక్కన, తాటాకు పాక కింద వీలు తిప్పడం ఎలాంటి పనో చెప్పక్కర్లేదు.

నిప్పురవ్వలు తగ్గుతాయి గానీ తునకలు వస్తాయి, సూదుల్లాంటివి, వేడివి. లుంగీ, చెప్పులు పనికిరావు. కళ్ళకు పక్కలు మూసిన అద్దాలు, చెవులకు దూది కాదు, ప్లగ్గులు. తిరిగే బ్లేడు దగ్గర నూలు గ్లవ్సు వేసుకోకూడదు, దారం పట్టిందంటే వేళ్ళూ పోతాయి. పని అయ్యాక పాలిథీన్ కవరులో అయస్కాంతం పెట్టి నేలంతా తిప్పాలి. కవరు తిరగేసి అయస్కాంతం లాగేస్తే తునకలన్నీ లోపలే ఉండిపోతాయి. చీమకుర్తి గ్రానైటు పరిచిన వరండాలో వదిలేస్తే ఒక్క వానకే మరకలు దిగుతాయి. వైసు వెనక గోడ దగ్గర చేరిన తునకలను పెయింటు బ్రష్షుతో ప్రతి కోతకూ ఊడ్చకపోతే కోత మూలమట్టానికి కలవదు.

ధర విషయంలో దాచేదేం లేదు. వీలు వందల్లో, బ్లేడు వేలల్లో. ఏడాదికి ఒక గేటు చేసుకునే ఇంటికి గ్రైండరే చాలు. నెలకు పది బార్లు కోసేవాళ్ళకు, అందులోనూ ఇంటి ఆవరణలో, రోడ్డు మీద బళ్ళు ఆపి ఉన్నచోట కోసేవాళ్ళకు డబ్బు గిట్టుతుంది.

బ్లేడు మొండిపడిందని ఎలా తెలుస్తుంది? నిప్పురవ్వలు పెరుగుతాయి, అంచున ముల్లు లావుగా లేస్తుంది, తునకలు నీలంగా మారతాయి, నొక్కుడు పెరుగుతుంది. ఇందులో రెండు కనిపించగానే ఆపాలి. ఇంకా లాగితే పదును పెట్టడానికి కూడా మిగలదు. చెక్క బ్లేళ్ళకు పదును పెట్టేవాళ్ళు డైమండు చక్రంతో దీనికీ పెట్టగలరు గానీ, పన్ను ముఖం వాలు మార్చొద్దని ముందే చెప్పాలి. చెక్క బ్లేడులా పన్నును ముందుకు వంచి సూదిగా తీస్తే మొదటి యాంగ్లరుకే కొసలు రాలతాయి. ఇచ్చే ముందు ఒక మంచి పన్ను దగ్గర అట్టముక్క ఆనించి ఆకారం గీసుకుంటే, వచ్చాక దానితో పోల్చి చూసుకోవచ్చు.