నా థెరపీ నోట్‌బుక్ పేజీని మా కౌన్సెలర్ తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. నల్గొండ వాళ్లు జాగ్రత్త

ఇది రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి. తప్పులుంటే ఏమనుకోవద్దు. నల్గొండలో డిప్రెషన్‌కు కౌన్సెలింగ్ కోసం వెతికిన వాళ్లకు ఎవరి గురించి రాస్తున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది. 12 సెషన్ల ప్యాకేజీ, సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మెల్లగా మార్చుకునే మాటల చికిత్స), దాంతోపాటు వాట్సాప్‌లో సపోర్ట్ గ్రూపు. ఆయనే. పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదులో రాస్తాను.

ముందు జరిగింది త్వరగా చెప్తాను. పోయిన ఏడాది మా అమ్మ చనిపోయింది. నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. అమ్మ పోయిన మూడు నాలుగు నెలలకు నిద్ర పోయింది, ఆకలి పోయింది. ఒకరోజు క్లాసులో పద్యం చదువుతూ రెండో పాదం దగ్గర ఆగిపోయాను. పుస్తకం చేతిలోనే ఉంది, అయినా చదవలేకపోయాను. మా ఆయన హైదరాబాద్ తీసుకుపోయి సైకియాట్రిస్టుకు చూపించారు. ఆయన మాత్రలు రాసి, వీటితో పాటు సీబీటీ కూడా తీసుకుంటే మంచిదన్నారు. వారం వారం 100 కిలోమీటర్లు పోయి రావడానికి సెలవులు ఎవరిస్తారు? అందుకే ఊళ్లో ఉన్నాయన దగ్గర చేరాను. మొత్తం 18,000 రూపాయలు ముందే ఫోన్‌పే చేశాను. అవి చీటీ ఎత్తిన డబ్బులు.

మొదట్లో నిజంగానే మేలు జరిగింది. అది దాచిపెట్టి ఆయన్ను తిడితే నేనూ అబద్ధం చెప్పినట్టే. డిప్రెషన్ ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం నింపించారు, ఎంత ఎక్కువ వస్తే జబ్బు అంత ఎక్కువని. 27కి నాకు 17 వచ్చింది. రోజుకు ఒక చిన్న పని రాసుకుని చేయమన్నారు. మల్లె కుండీకి నీళ్లు పోయడం, సాయంత్రం పానగల్ చెరువు కట్ట దాకా నడిచి రావడం, ఇట్లాంటివి. మనసు బాగయ్యాక పని చేద్దామని కూర్చుంటే మనసు బాగవదు, పని మొదలుపెడితే మనసు దాని వెనక మెల్లగా వస్తుంది. ఇది సీబీటీలో పెద్ద భాగమట. నాకైతే నాలుగు వారాల్లో 17 కాస్తా 11కి వచ్చింది. మాత్రలు కూడా అప్పటికి పని చేయడం మొదలుపెట్టి ఉంటాయి. ఏది ఎంతో నాకు తెలియదు, రెండూ అవసరమే అని మా డాక్టర్ అన్నారు.

ఇంకో భాగం ఆలోచనల నోట్‌బుక్. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు తమ గురించి, లోకం గురించి, రేపటి గురించి ఆలోచనలన్నీ ఒకే వైపు వాలి ఉంటాయని 1960ల్లో అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టర్ గమనించారు. ఆ ఆలోచనను కాగితం మీద పెట్టి, ఇది నిజమనడానికి ఏం ఆధారం ఉంది, కాదనడానికి ఏం ఆధారం ఉందని మనల్ని మనమే అడగాలి. పేజీని గడులుగా గీసుకుని రాయాలి. ఏం జరిగింది, ఏం అనిపించింది, దాన్ని ఎన్ని శాతం నమ్ముతున్నాను, అవుననడానికి ఆధారాలు, కాదనడానికి ఆధారాలు, చివరికి కొంచెం సమంగా ఉండే ఇంకో ఆలోచన.

ఆ పేజీల్లో ఒకటుంది. ఇప్పుడు ఊరంతా చూసింది కాబట్టి నేనే చెప్తాను. "పాప బడి నుంచి వచ్చి మెడకు చుట్టుకుంది. నాకు ఏమీ అనిపించలేదు. నేను తల్లిని కాను." నమ్మకం 90 శాతం. మా పాపకు ఆరేళ్లు. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. డిప్రెషన్‌లో ఇష్టమైన వాళ్ల మీద కూడా ఏమీ అనిపించకపోవడం ఆ జబ్బు లక్షణమేనని నాకు తర్వాత తెలిసింది. రాసిన రోజు మాత్రం నేనొక్కదాన్నే ఇట్లాంటి దాన్ననుకున్నాను. కాదనడానికి ఆధారాల గడిలో "పొద్దున్నే లేచి డబ్బా కట్టాను, జడ వేశాను, జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నాను" అని రాశాను. ఆయన ఎర్ర పెన్నుతో పక్కన "గుడ్ వర్క్" అని రాసి, పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు. ఫైల్ కోసమన్నారు. నేను సరేనన్నాను. అక్కడ నోరు తెరిచి "ఎందుకు సార్?" అని ఒక్క మాట అడగలేదు. రోజుకు 40 మంది పిల్లలను ప్రశ్నలు అడిగేదాన్ని, నా విషయంలో ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

మొన్న గురువారం రాత్రి 9:40కి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. ముందు పాప ఏం చేస్తుందని అడిగింది, తర్వాత తిన్నారా అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "వదినా, ఒకటి పంపిస్త, తప్పుగ అనుకోకు. ఇది నీ చేతిరాతనే కదా?" అంది.

చూస్తే నా పేజీ. ఆయన స్టేటస్‌లో, గ్రూపులో కూడా. పైన "మా క్లయింట్ ప్రోగ్రెస్ చూడండి, సెషన్లకు సంప్రదించండి" అని, కింద ఆయన నెంబరు. నా పేరు ఉన్న పైభాగం కత్తిరించాడు. కానీ పేజీ కింది మూలన మా పాప పెన్సిల్‌తో గీసిన కాకి ఉంది, ముక్కు తలకన్నా పెద్దగా. మా ఇంటి గోడల మీద, కరెంటు బిల్లు వెనక, అంతటా అదే కాకి. మా ఆడబిడ్డకు రాత కన్నా ముందు ఆ కాకి కనబడిందట. ఆ గ్రూపులో 180 మందికి పైగా ఉన్నారు. అందులో మా స్కూలు పిల్లల తల్లులు ఇద్దరు. వాళ్ల పిల్లల నోట్‌బుక్కుల్లో రోజూ దిద్దేది ఈ చేతిరాతే.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. అరవలేదు. ఏడుపు ఆపుకుంటూ "సార్, అది నా పేజీ, తీసేయండి" అన్నాను. ఆయన నవ్వి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మేడమ్, అందులో మీ పేరెక్కడుంది? అందరూ మిమ్మల్నే చూస్తున్నారు, మీ గురించే అనుకుంటున్నారు అనుకోవడం, ఇదే మైండ్ రీడింగ్. మూడో సెషన్‌లో చెప్పాను కదా. ఈ ఆలోచనను నోట్‌బుక్‌లో రాసి రేపు పంపండి, చూద్దాం."

ఫోన్ పెట్టేశాడు.

డబ్బులు పోయినందుకు కాదు ఈ పోస్టు. ఈ మాట కోసం రాస్తున్నాను. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి అప్పటికే తన బుర్ర మీద తనకు నమ్మకం ఉండదు. ఏది నిజం, ఏది జబ్బు అని రోజంతా తూకం వేసుకుంటూనే ఉంటాం. ఆ బలహీనతకు మందు వేయాల్సినవాడు దాన్నే పట్టుకుని నా నోరు మూయించాడు. నా కోపాన్ని కూడా నా జబ్బు ఖాతాలో రాశాడు. ఇంకా బాధేమిటంటే, ఒక అరగంట నేను ఆయన్ను నమ్మాను. బాత్రూంలో నల్లా తిప్పి కూర్చుని, నిజంగానే నేను ఎక్కువ ఆలోచిస్తున్నానేమో, నిజంగానే ఎవరూ గుర్తుపట్టరేమో అనుకున్నాను. మా ఆయన తలుపు కొడుతూనే ఉన్నారు.

తర్వాత బయటికి వచ్చి ఆ కౌన్సెలర్ చెప్పినట్టే నోట్‌బుక్ తీసి గడులు గీశాను. ఆలోచన: "నా పేజీ నలుగురికీ తెలిసింది." అవుననడానికి ఆధారాలు: ఆడబిడ్డ ఫోన్, స్క్రీన్‌షాట్, కాకి బొమ్మ, ఎర్ర పెన్ను, గ్రూపులో ఇద్దరు తల్లుల నెంబర్లు. కాదనడానికి ఆధారాల గడిలో ఏం రాయాలో తోచలేదు. చాలాసేపు చూసి ఖాళీగానే వదిలేశాను. చెడుగా అనిపించే ప్రతి ఆలోచనా తప్పని సీబీటీ చెప్పదు. ఆధారాలు చూడమంటుంది. ఆధారాలన్నీ ఒకవైపే ఉంటే అది నిజంగా జరిగిన అన్యాయం, దానికి చేయాల్సిన పని వేరే ఉంటుంది. ఆ మాట నాకు ఆయన చెప్పలేదు, ఆ ఖాళీ గడి చెప్పింది.

మరునాడు మా ఆయన వెళ్లి అడిగితే పోస్టు తీసేశాడు. అయిదు సెషన్లే అయ్యాయి, మిగతా ఏడింటి డబ్బులు 10,500 ఇమ్మంటే "ప్యాకేజీ తీసుకున్నాక వాపసు ఉండదు" అన్నాడు. రసీదు లేదు, ఫోన్‌పే మెసేజ్ ఒక్కటే ఉంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కనబడుతున్నాయి. గంట సెషన్ అని చెప్పి 25 నిమిషాల్లో లేపేవాడు. గోడ మీద ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ ఉంది, దాని పెద్ద అక్షరాలే చదివాను. మా ఆయన దగ్గరికి వెళ్లి చూస్తే కింద చిన్నగా "2 రోజుల ఆన్‌లైన్ శిక్షణ" అని ఉంది. నాలుగో సెషన్‌లో "మాత్రలు అలవాటైపోతాయి, మెల్లగా మానేయండి" అన్నాడు. నేను ఒక్కసారే మానేశాను. మూడో రోజుకు తల తిరగడం, చిరాకు, రాత్రంతా మెలకువ. హైదరాబాద్ డాక్టర్‌కు ఫోన్ చేస్తే కోప్పడ్డారు. ఈ మాత్రలు బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపాలన్నా డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి అన్నారు. ఆ రోజే నేను ఈయన్ని వదిలేయాల్సింది. ఆయన దగ్గర మాట్లాడాక బరువు దిగినట్టుంటుందని మళ్లీ వెళ్లాను. అది నా తప్పు.

ఇంకో సంగతి చెప్పాలి. గురువారం రాత్రి పదకొండున్నరకు తెలియని నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. దేవరకొండ వైపు ఆమె, అదే గ్రూపులో ఉంది. పేజీ ఎవరిదో గ్రూపులో అడిగితే చెప్పలేదట, నేను గ్రూపు నుంచి బయటికి రాగానే ఆమెకు అర్థమైందట. "చెల్లె, నువ్వు రాసింది చదివి నేను ఏడ్చిన. నా కొడుకు పుట్టినంక నాకు గట్లనే ఉండె. ఎవలకు చెప్పలే. ఇయ్యాల్టిదాక నేనొక్కదాన్నే అనుకున్న" అంది. గంటసేపు మాట్లాడుకున్నాం. సలహాలు ఏమీ ఇవ్వలేదు. ఆమెకు ఎట్లా గడిచిందో చెప్పింది, నా మాటలు విన్నది, రేపు పొద్దున టీ తాగి ఫోన్ చేయమంది. ఆ రాత్రి నేను నిద్రపోయానంటే ఆమె వల్లే.

ఇప్పుడు మేం అయిదుగురం ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చి విడిగా మాట్లాడుకుంటున్నాం. మాకు మూడే కట్టుబాట్లు. స్క్రీన్‌షాట్ తీయొద్దు. మందుల గురించి ఒకరికొకరం చెప్పుకోవద్దు. ఎవరైనా బతకాలని లేదంటే మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, వెంటనే ఫోన్ చేయాలి, వాళ్ల ఇంట్లోవాళ్లకు చెప్పాలి. మేం డాక్టర్లం కాదు, థెరపీ చేయలేం. కానీ "నాకూ ఇట్లనే ఉండె" అనే మాట మాత్రం ఏ సర్టిఫికెట్ ఉన్నవాళ్లూ చెప్పలేరు.

చేరే ముందు చూసుకోవాల్సినవి నాకు తెలిసినంత వరకు చెప్తాను. కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నెంబరు అడిగి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అడిగితే కోపం వచ్చేవాళ్ల దగ్గర కూర్చోకండి. డబ్బులు సెషన్‌కు సెషన్ ఇవ్వండి, రసీదు తీసుకోండి. నోట్‌బుక్ మీ దగ్గరే ఉంచుకోండి, ఫోటో తీయనివ్వకండి. వైద్యం తీసుకునేవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది, ఫోన్లలో కంప్యూటర్లలో ఉన్న సమాచారానికి కూడా అది వర్తిస్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రాత్రిపూట మనసు మరీ బాగాలేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నేను శుక్రవారం తెల్లవారుజామున చేశాను, ఓపిగ్గా విన్నారు.

ఇది చదివి సీబీటీనే వద్దనుకోకండి. నాకు 17 నుంచి 11కి వచ్చింది అబద్ధం కాదు. సోమవారం జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్యం ఓపీకి వెళ్తున్నాను, అక్కడ సరైనవాళ్లు ఎవరున్నారో అడుగుతాను. నోట్‌బుక్ కూడా తీసుకుపోతున్నాను, మిగతా పేజీలు ఇంకా రాయాలి.

అదే రోజు ఫిర్యాదు కూడా పెడుతున్నాం. ఆయన స్టేటస్‌లో ఇంతకుముందు కూడా ఇట్లాంటి పేజీలు వచ్చేవని దేవరకొండ అక్క చెప్పింది. మీ చేతిరాత అందులో ఎప్పుడైనా కనబడి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం. ఇప్పుడు కనబడితే ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, స్టేటస్ 24 గంటల్లో పోతుంది.