అల్లుడు మళ్లీ దోషే: డైలీ సీరియళ్లను ఏళ్ల తరబడి చూశాక

ఇల్లు వేలానికి వస్తే అప్పు తీర్చి నిలబెట్టాడు. మరదలి పెళ్లి పీటల మీద ఆగిపోబోతే ఆగకుండా చూశాడు. అత్తగారు గుండెనొప్పితో పడిపోతే చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ఇదంతా కళ్లారా చూసిన అత్తగారే, బీరువాలో ఒక కవరు దొరకగానే "నువ్వింత మోసగాడివనుకోలేదు" అనేస్తుంది. సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పది దాకా ఏ ఛానల్ పెట్టినా ఈ సీను ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. మన సీరియళ్లలో నటన బాగుంటుంది, మాటలు కూడా చాలాసార్లు బాగుంటాయి. నమ్మినబంటు మీద అనుమానం అనే ఈ ఒక్క సంగతికి మాత్రం ఐదుకి రెండు మార్కులకు మించి వేయలేం.

ముందు లెక్క చూడండి. అరగంట స్లాటులో యాడ్లు పోను కథకు మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. వారానికి ఆరు రోజులంటే ఏడాదికి 300 పైచిలుకు ఎపిసోడ్లు. కథ ఎప్పుడు ముగుస్తుందో రాసేవాళ్లకే తెలియదు, ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ గురువారం ఇచ్చే రేటింగులు బాగున్నన్నాళ్లూ సాగాలి. కొత్త సంఘటన కావాలంటే కొత్త లొకేషను, కొత్త ఆర్టిస్టులు, అదనపు ఖర్చు. అనుమానానికి అవేవీ అక్కర్లేదు. ఉన్న హాలు సెట్టు, అందులో వరసగా నిలబడ్డ ఏడెనిమిది మంది చాలు. ఒక్కొక్కరి ముఖం మీదకి కెమెరా రెండు మూడుసార్లు దూసుకెళ్తే, నిమిషంలో తేలే మాట ఎపిసోడంతా సాగుతుంది. పైగా నిజం మనకు తెలుసు, అత్తగారికి తెలియదు. ఆ ఉక్రోషమే మనల్ని మర్నాడు మళ్లీ టీవీ ముందు కూర్చోబెడుతుంది.

ఈ బండి నడవాలంటే హీరో నోరు మూతపడాలి. అందుకు ఎక్కువగా వాడే సాధనం ఒట్టు. గమనించి చూడండి: హీరో "అత్తయ్యా, ఒక్క మాట" అని అడుగు ముందుకేస్తాడు. మూల నుంచి మరదలు కళ్లతోనే వద్దంటుంది. ఆమె చెయ్యి అతని చేతిలో పెట్టి ఒట్టేయించుకున్న పాత సీను నలుపు తెలుపుల్లో మళ్లీ వస్తుంది. అతను తల దించుకుంటాడు. అత్తగారు ఆ మౌనాన్నే నేరం ఒప్పుకోవడంగా తీసుకుంటుంది. ఇక తలుపు చాటున సగమే విన్న మాట, మార్చేసిన రిపోర్టు, ఎవరో తీసిన ఫొటో, అన్నీ ఈ పని కోసమే.

"కార్తీకదీపం"లో డాక్టర్ బాబు అనుమానానికి కనీసం ఒక వేరు ఉంది. అతనికి పిల్లలు పుట్టరని విలన్ మోనిత నమ్మించింది కాబట్టే భార్య దీప కడుపుతో ఉండటం అతనికి ద్రోహంలా కనబడింది. మొదలు గట్టిది. అందుకే 2017లో మొదలైన కథ 2023 దాకా నడిచినా వంటలక్క (దీపే) కోసం జనం కూర్చున్నారు. కానీ అతను డాక్టరు. పిల్లలు పుడతారో లేదో పరీక్ష ఇంకోచోట ఇంకోసారి చేయించుకోవాలని వెంటనే తట్టాల్సిన మనిషి. అది తట్టకుండా ఏళ్లు గడవడం దగ్గరే ఆ పాత్ర బలహీనపడింది.

గోదావరి జిల్లాల్లో జరిగినట్టు చూపించే కథలకు ఇంకో చిక్కు. రాత్రంతా ఎక్కడున్నావంటూ హీరోని నిలదీస్తారే, ఆ ఊళ్లో ఎవరికీ తెలియదా? సఖినేటిపల్లి నుంచి నర్సాపురం వైపు పంటు మీద (రేవు దాటించే పెద్ద పడవ) గోదావరి దాటినవాణ్ని ఆ ఒడ్డున పదిమంది, ఈ ఒడ్డున పదిమంది చూస్తారు. రేవులో టీ కొట్టతన్ని అడిగితే అయిపోయే సంగతి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో పదేళ్లు సరిగ్గా లెక్క చెప్పిన గుమస్తా దగ్గర ఓ రోజు వంద కాయలు తేడా వస్తే, షావుకారు ముందు కాయలు మళ్లీ లెక్కేయిస్తాడు. ఎగబడి దొంగ అనడు. సీరియల్లో కొబ్బరి చెట్లు, గోదావరి గట్టు, ఆయ్ అండీలు ఉంటాయి గానీ మూడో మనిషిని అడగడం మాత్రం ఉండదు.

అనుమానించడమే తప్పని కాదు. రామాయణంలో సైన్యంతో వస్తున్న భరతుణ్ని చూసి గుహుడికి అనుమానం వచ్చింది. అయిదు వందల పడవలు సిద్ధం చేయించాడు. చేపలు, తేనె పట్టుకుని ఎదురెళ్లి, రాముడికి కీడు తలపెట్టి వస్తున్నావా అని ముఖం మీదే అడిగాడు. జవాబు విన్నాడు, మర్నాడు తన పడవల్లోనే గంగ దాటించాడు. అదే రామాయణంలో సీత లక్ష్మణుణ్ని అనరాని మాటలంటుంది. అతను కదిలి వెళ్లగానే రావణుడు వస్తాడు. ఒకచోట అనుమానం ఒక్క ప్రశ్నతో తీరింది, ఇంకోచోట అనుమానించిన మనిషే దాని ఫలితం అనుభవించింది.

సీరియల్లో ఈ రెండూ జరగవు. నిజం బయటపడిన రోజు అత్తగారు ఏడుస్తుంది, హీరో "మీరు పెద్దవారు" అంటాడు, పాయసం వండుతారు. నెల తిరక్కుండా ఇంకో కవరు దొరుకుతుంది. మొదటి కవరు ఎవరు పెట్టారో, అప్పుడు తను ఎంత పొరబడిందో ఆమెకు గుర్తే ఉండదు. అసలు లోపం ఇదే. పాత పద్దు చింపేసి ప్రతిసారీ సున్నా నుంచి మొదలెడతారు.

చూడాలనుకుంటే నింద పడిన ఎపిసోడూ, నిజం తేలిన ఎపిసోడూ చూడండి, నడుమ వారం వదిలేయొచ్చు. తుఫానుకి మూడు రోజులు కరెంటు పోయి వచ్చినా హీరో అదే హాల్లో తల దించుకునే ఉంటాడు. కొత్త సీరియల్ ఎంచుకునేటప్పుడు మాత్రం రెండో నింద దాకా ఆగండి. రెండో కవరు దొరికినప్పుడు అత్తగారు దాన్ని అందరి ముందూ విసరకుండా, తలుపు దగ్గరికేసి "ఇదేంటి బాబూ, నువ్వే చెప్పు" అని అడిగితే, ఆ సీరియల్ రోజూ చూడొచ్చు.