యూఎస్‌బీ లాన్ అడాప్టర్: వన్ స్టార్ ఇచ్చేసేవాడినే

ల్యాప్‌టాప్‌లో వైఫై ఉంది కానీ కెమెరాల రికార్డర్ తగిలించిన పాత రూటర్‌కి కేబుల్ పెట్టి ఫైల్స్ లాక్కోవాలని ఈ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్ స్పీడ్) అడాప్టర్ తీసుకున్నా, యూఎస్‌బీ పోర్ట్‌లో పెడితే నెట్‌వర్క్ కేబుల్ తగిలించుకోవచ్చు. పెట్టగానే నెట్ పోయింది! వైఫై ఫుల్ సిగ్నల్ చూపిస్తోంది, ఒక్క పేజీ ఓపెన్ అవ్వట్లేదు, అడాప్టర్ పీకేస్తే మళ్ళీ అంతా మామూలే. డబ్బా పీస్ పంపారని బాగా తిట్టుకున్నా.

తీరా కమాండ్ ప్రాంప్ట్‌లో రూట్ ప్రింట్ (route print, నెట్‌వర్క్ దారుల లిస్ట్ చూపించే కమాండ్) కొడితే దొంగ దొరికాడు. 0.0.0.0 లైన్లు రెండు కనిపించాయి, అంటే బయటికి రెండు దారులు, విండోస్ ఏమో మెట్రిక్ నంబర్ (ఏ దారి ముందో చెప్పే నంబర్) తక్కువున్న దారినే పట్టుకుంటుంది, ఆటోమేటిక్‌లో వదిలేస్తే లింక్ స్పీడ్ ఎక్కువున్నదానికి తక్కువ నంబర్ ఇస్తుంది, అవతల నెట్ ఉందా లేదా అన్నది ఆ లెక్కలోకే రాదు. నా పాత రూటర్‌లో నెట్ ఎక్కడిది!

నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, ఐపీవీ4 (ఇంటర్నెట్ అడ్రస్‌ల పాత పద్ధతి), అడ్వాన్స్‌డ్ లోకెళ్ళి ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసేసి దీనికి 50, వైఫైకి 10 పెట్టా, అంతే, రెండూ కలిసి నడుస్తున్నాయి. కొత్త పద్ధతి ఐపీవీ6కి మాత్రం విడిగా మార్చాలి, అది నేను మొదట మర్చిపోయా.

ఇక వస్తువు సంగతికొస్తే డ్రైవర్ గొడవ లేదు, కాసేపటికి వేడెక్కుతుంది, వైరు మరీ పొట్టి. యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో మాత్రం పెట్టకండి, ఆ పోర్ట్ లిమిటే 480 ఎంబీపీఎస్, గిగాబిట్ ఎలా వస్తుంది? నాలుగు స్టార్లు, ఒకటి వైరు పొట్టిగా ఉన్నందుకు కట్.