విప్పి బిగించిన సీ-10: ఏళ్ల తరబడి నడిపాక చాసీ, బ్రేకుల మీద నా మాట

పాత పికప్ చాసీకి కొత్తగా నల్లరంగు వేసి ఆరబెట్టిన రోజున ఎవరిదైనా బాగానే కనిపిస్తుంది. అసలు సంగతి వానలో, బురదలో, వెనక లోడుతో కొన్నేళ్లు తిరిగాక బయటపడుతుంది. నా 1969 షెవర్లే సీ-10 పికప్‌ను చివరి బోల్టు దాకా విప్పి, చాసీ, బ్రేకులు మళ్లీ కట్టుకుని చాలా ఏళ్లయింది. అప్పటి నుంచి దాన్ని షెడ్డులో దాచిపెట్టలేదు. కలప మోసింది, మట్టి మోసింది, హైవే మీద దూరాలు పోయింది. ఇంత వాడాక చెబుతున్నాను: ముందు చక్రాలకు పెట్టిన డిస్క్ బ్రేకుల గురించి అందరూ అడుగుతారు గానీ, వాటికంటే నాకు ఎక్కువ మేలు చేసినవి తిన్నగా ఉన్న చాసీ, ముందు వెనక బ్రేకులకు కుదిరిన పొంతన.

ముందు చాసీ సంగతి. ఇది రెండు పొడుగాటి సీ-చానెళ్ల (ఇంగ్లీషు C ఆకారంలో వంచిన ఇనుప దూలాల) మధ్య అడ్డంగా క్రాస్ మెంబర్లు పెట్టి రివెట్లు కొట్టిన నిచ్చెన చాసీ. పైకి కనిపించే తుప్పుకు భయపడక్కర్లేదు, వైరు బ్రష్షుతో పోతుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోట పట్టే తుప్పే ప్రమాదం. అక్కడ నీరు చేరితే బయటకు రాదు. తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, రివెట్టు బిగించి ఉన్నా సరే రెండు ఇనుప రేకులనూ విడదీస్తుంది. అలాంటి చోట చిన్న సుత్తితో తడుతూ పోతే మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. క్యాబిన్ మౌంటు బ్రాకెట్ల దగ్గర, వెనక చక్రాల పైన ఇంచు ఇంచూ ఇలా తట్టి చూడాలి. ఈ పని రంగు గీకించకముందు ఒకసారి, గీకించాక ఇంకోసారి చేయాలి, ఎందుకంటే ఇసుక కొట్టించాక సన్నబడిన చోట్లు కొత్తగా కనిపిస్తాయి.

కొలతలు తీసుకోకుండా వెల్డింగు మిషన్ ముట్టుకోవద్దు. చాసీని స్టాండ్ల మీద సమంగా నిలబెట్టి, ఒకే రకం రంధ్రాల నుంచి తూకపుగుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టుకుని, ఆ గుర్తుల మధ్య మూల నుంచి మూలకు కొలిస్తే రెండు కొలతలూ ఒకటే రావాలి. రాకపోతే చాసీ ఎప్పుడో దెబ్బ తిని వజ్రం ఆకారంలోకి జరిగిందని అర్థం. ఆ వంకర తీయకుండా పైన ఎన్ని కొత్త పార్టులు బిగించినా బండి ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది, అలైన్‌మెంట్ చేసేవాళ్లు ఎంత తిప్పినా సరిపోదు. నా చాసీ తిన్నగానే ఉంది గానీ కొన్ని క్రాస్ మెంబర్ రివెట్లు వదులయ్యాయి. వాటిని డ్రిల్ చేసి తీసి, రంధ్రాలను రీమర్‌తో (రంధ్రాన్ని సరైన కొలతకు నున్నగా చెక్కే పనిముట్టు) శుభ్రం చేసి, ఖాళీ లేకుండా కూర్చునే గ్రేడ్ 8 రకం గట్టి బోల్టులు వేశాను. ఇన్నేళ్లలో ఒక్కటీ కదల్లేదు. రంధ్రం కంటే సన్నని బోల్టు వేసి ఎంత బిగించినా ఆ జాయింటు లోడుకు ఆడుతుంది, కాబట్టి అసలు కిటుకంతా రంధ్రంలోనే ఉంది.

సీ-చానెల్‌ను పూర్తిగా మూసి డబ్బాలా వెల్డింగు చేయమని చాలామంది సలహా ఇస్తారు. రేసు ఇంజను పెట్టేవాళ్లకు అది అవసరం కావచ్చు. లోడు మోసే బండికి నేను వద్దంటాను. ఈ చాసీ కాస్త మెలి తిరగడానికే తయారైంది. మూసేస్తే ఆ ఒత్తిడి ఎక్కడో ఒక మూలకు పోయి అక్కడ పగులు తెస్తుంది, లోపల చేరిన తేమ కంటికి కూడా కనిపించదు.

రంగు విషయంలో నా దగ్గర రెండు రకాల అనుభవం ఉంది. చాసీకి రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమరు, దాని మీద చాసీ బ్లాక్ వేశాను. ముందు చక్రాలను చాసీకి కలిపే కంట్రోల్ ఆర్ములు, వెనక యాక్సిల్‌ను చాసీకి కలిపే ట్రైలింగ్ ఆర్ములు మాత్రం పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించి అంటించే పూత) చేయించాను. మొదట్లో పౌడర్ కోటింగే అందంగా ఉంది, అనుమానం లేదు. కాలం గడిచే కొద్దీ తేడా తెలిసింది. రాళ్లు తగిలిన చోట చిన్న పెచ్చు లేస్తుంది, ఆ అంచు నుంచి తుప్పు పొర కిందికి పాకుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, గోరు పెట్టి లేపితే అరచేతంత రేకు ఊడి చేతిలోకి వస్తుంది, కింద ఎర్రటి పొడి. ఎపాక్సీకి దెబ్బ తగిలితే తగిలిన చోటే గీత పడింది, పక్కకు పాకలేదు. గీకి, తుడిచి, బ్రష్షుతో ఒక పూత వేస్తే పనైపోయింది. పౌడర్ కోటింగులో ఇంకో సంగతి ఉంది. బోల్టు బిగించే ముఖాల మీద ఆ మందపాటి పొర ఉండిపోతే కొన్నాళ్లకు నలిగి బోల్టు బిగువు తగ్గుతుంది. ఆ ముఖాలకు ముందే టేపు వేయించాను కాబట్టి నాకా ఇబ్బంది రాలేదు. రేకులు కలిసే సందుల్లోకి, చానెల్ లోపలికి పిచికారీ చేసిన మైనం మాత్రం పెట్టిన డబ్బుకు రెట్టింపు పని చేసింది. అది గట్టిపడకుండా జిగటగా ఉండి నీటిని సందులోకి రానివ్వదు, అప్పుడప్పుడూ మళ్లీ కొడితే చాలు.

సీ-10 వెనక సస్పెన్షన్ నాకు ప్రాణం. చాలా పికప్‌లకు వెనక కమానుపట్టీలుంటాయి. షెవర్లే మాత్రం 1960 నుంచి 1972 దాకా ఈ బళ్లకు కాయిల్ స్ప్రింగులు, రెండు పొడవాటి ట్రైలింగ్ ఆర్ములు ఇచ్చింది, యాక్సిల్ పక్కలకు జరక్కుండా ఒక అడ్డ రాడ్డు. ఒక్కో ఆర్మూ రెండు చానెళ్లను వీపులు కలిపి రివెట్టు కొట్టిన ఐ ఆకారం. అది యాక్సిల్‌కు యూ-బోల్టులతో గట్టిగా బిగుసుకుని ఉంటుంది, ముందు కొసన ఒక్క బుష్ (కీలులో మెత్తగా ఉండే తొడుగు) మీద ఆడుతుంది. మలుపులో బండి ఒరిగినప్పుడు ఆ ఆర్ము తానే మెలి తిరగాలి, బుష్ దానికి సహకరించాలి. అమెరికాలోని నాస్కార్ కప్ రేసు కార్లు 2021 దాకా వెనక వాడింది ఈ పద్ధతినే, దాన్ని అక్కడ ట్రక్ ఆర్మ్ అనే పిలిచారు. అందుకే ఇక్కడ గట్టి పాలీయురేథేన్ బుష్‌లు వేయమంటే నేను ఒప్పుకోను. అవి మెలి తిరగనివ్వవు, గతుకుల్లో దడదడలాడిస్తాయి, ఎండితే కిర్రుమంటాయి. నేను రబ్బరు బుష్‌లే వేశాను, బండి బరువు పూర్తిగా చక్రాల మీద దిగాకే ఆ బోల్టు చివరి బిగింపు ఇచ్చాను. గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది. నావి ఇప్పటికీ బాగున్నాయి. షాక్ అబ్సార్బర్లు, బేరింగులు మామూలు వ్యవహారం, మంచివి కొని వేయడమే.

ఇక బ్రేకులు. 1967 మోడల్ నుంచి ఈ బళ్లకు రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ను చక్రాలకు తోసేది) వచ్చింది, అంటే ముందు పైపు పోయినా వెనక బ్రేకు మిగులుతుంది. అంతకుముందు బండి ఉన్నవాళ్లు వేరే ఏం మార్చినా మార్చకపోయినా ఆ ఒక్కటీ మార్చుకోవాలి. 1971లో ముందు డిస్కులు కంపెనీ నుంచే రావడం మొదలైంది. నాది 1969 కాబట్టి నాలుగూ డ్రమ్ములే. 1971, 72 బళ్ల ముందు భాగాలు దీనికి కూర్చుంటాయి గానీ అప్పటికి చక్రాన్ని బిగించే స్టడ్లు ఆరు నుంచి ఐదయ్యాయి. అవే వేస్తే ముందు ఐదు, వెనక ఆరు, స్టెప్నీ ఒకచోటికే పనికొస్తుంది. అందుకని ఆరు స్టడ్ల డిస్క్ కిట్ తీసుకున్నాను.

డ్రమ్ము లోపలి గోడకు రాసుకుని బండిని ఆపే పాత షూలు తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ కాలపు లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది. గాలి కొట్టి దులపకూడదు, నీళ్లతో తడిపి తుడవాలి, మాస్కు తప్పనిసరి.

డిస్కులు వేశాక వచ్చిన తేడా నిజమే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది, దిగుడులో పెడల్ కిందికి పోతుంది. డిస్కుకు ఆ బాధ లేదు, నీళ్లలోంచి వచ్చినా వెంటనే పట్టుకుంటుంది. అయితే డ్రమ్ములో షూలు తిరిగే చక్రంతో పాటు తామే బిగుసుకుంటాయి కాబట్టి కాలికి తక్కువ బలం చాలు. డిస్కుకు ఆ సాయం ఉండదు, అందుకే కాలి బలాన్ని పెంచే బూస్టరు కావాలి. మాస్టర్ సిలిండర్ కూడా మార్చాల్సిందే. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్‌లో లైనులో కాస్త ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. సుమారు 10 పీఎస్ఐ. డ్రమ్ములో స్ప్రింగులు దాన్ని తట్టుకుంటాయి. డిస్కుకు అదే ప్రెషర్ పోతే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి.

పొంతన అని మొదట్లో అన్నది ఇక్కడికి వస్తుంది. వెనక ఏమీ లేని పికప్ బ్రేకు కొడితే బరువంతా ముందుకు పోతుంది, వెనక చక్రాలు తేలిగ్గా లాక్ అయిపోతాయి. తడి రోడ్డు మీద వెనక చక్రాలే మొదట లాక్ అయ్యాయంటే బండి తిరిగిపోతుంది, దాని తర్వాత స్టీరింగుతో పని లేదు. కిట్‌తో వచ్చిన కాంబినేషన్ వాల్వు కొంతవరకు సర్దుతుంది: వెనక షూలు డ్రమ్మును తాకేదాకా ముందు డిస్కులను ఆపుతుంది, గట్టిగా నొక్కినప్పుడు వెనక ప్రెషర్ పెరగకుండా చూస్తుంది. కానీ నా టైర్లకు, నా స్ప్రింగులకు తగ్గట్టు సర్దుకోవడానికి వెనక లైనులో చేత్తో తిప్పి ప్రెషర్ తగ్గించుకునే ప్రపోర్షనింగ్ వాల్వు ఉన్న ఏర్పాటు ఎంచుకున్నాను. ఎవరూ లేని ఖాళీ స్థలంలో, తడి నేల మీద, తక్కువ వేగంతో మొదలుపెట్టి, ముందు చక్రాలు లాక్ అయ్యాకే వెనకవి లాక్ అయ్యేలా కొంచెం కొంచెంగా తిప్పి కుదిర్చాను. ఖాళీ బండి మీద కుదిర్చి వదిలేశాను. లోడున్నప్పుడు వెనక బ్రేకు కాస్త తక్కువ అందుతుంది, ఆ మేరకు ముందే బ్రేకు మొదలుపెట్టాలి. అది నాకు సమ్మతమే.

పైపులు నికెల్-కాపర్‌వి వేశాను, తుప్పు పట్టవు, చేత్తో వంచితే మాట వింటాయి. స్టెయిన్‌లెస్ మెరుస్తుంది గానీ గట్టి లోహం. కొసను 45 డిగ్రీల డబుల్ ఫ్లేరు చేయడం (జాయింటు కారకుండా కొసను వెడల్పు చేసి రెండు మడతలు వేయడం) కష్టం, చేసినా కొన్ని కూర్చోక చెమ్మగిల్లుతాయి. నా ఫ్లేర్లలో ఒక్కటీ ఇంతవరకు చెమ్మ పెట్టలేదు. ఫ్లూయిడ్ డాట్ 4 వాడుతున్నాను. కొత్తది 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు గానీ అది గాలిలోని తేమ పీలుస్తుంది, తడిసినదానికి ప్రమాణం 155 మాత్రమే. అందుకే రెండేళ్లకోసారి మార్చడం మానను. సిలికాన్ డాట్ 5 తేమ పీల్చదు, రంగు పాడుచేయదు. కానీ లోపలికి వెళ్లిన నీరు దానిలో కలవదు, అడుగున చేరి అక్కడే తుప్పు పెడుతుంది, గాలి తీయడమూ పెద్ద పని. రోజూ తిరిగే బండికి నేను సిఫారసు చేయను.

వెనక కూడా డిస్కులు పెట్టమని చూసినవాళ్లంతా అంటారు. నేను 11 ఇంచుల డ్రమ్ములే ఉంచాను. పొట్టి లైనింగు షూ ముందువైపు, పొడవుది వెనకవైపు ఉండాలి, ఈ వరస తప్పితే బ్రేకు సరిగా పట్టదు. రివర్సులో బ్రేకు కొట్టినప్పుడు అవి తామే సర్దుకుంటాయి, అయినా నేను చక్రాలు ఎత్తినప్పుడల్లా షూల దూరం సర్దే పళ్ల చక్రం, అంటే స్టార్ వీల్, చేత్తో చూస్తాను. షూలు దూరమైతే పెడల్ దిగుతుంది, అప్పుడు మాస్టర్ సిలిండర్ పోయిందనుకుని అనవసరంగా మార్చేవాళ్లున్నారు. పార్కింగ్ బ్రేకు కేబుల్ వదులైనట్టు అనిపించినా ముందు స్టార్ వీలే చూడాలి. లోడుతో ఏటవాలులో నిలబెట్టినప్పుడు ఈ డ్రమ్ములు పట్టి ఉంచే తీరుకు నాకు పూర్తి తృప్తి. వచ్చేసారి విప్పినప్పుడు వాటి జోలికి పోను. ట్రైలింగ్ ఆర్ముల పౌడర్ కోటింగ్ గీకించి ఎపాక్సీ వేయిస్తాను, అంతే.